చమురు చుక్కకు కట్టడి: ప్యాకింగు కథ

పాతకాలపు మోటారుకారు ఒక రాత్రి నిలిచిన చోటును తెల్లవారి చూచినచో, నేలమీద నల్లని చమురు చుక్కలు రెండు మూడైనను కనబడును. "పాత బండి కదా, కారక మానునా?" అని మనము సరిపెట్టుకొందుము. ఇంటివారు ఆ చుక్కలపై ఇసుక చల్లుదురు, లేదా అట్టముక్క పరతురు. మేమును చాలకాలము అట్లే అనుకొంటిమి. కాని ఆ చుక్క ఎక్కడినుండి వచ్చినదో, దానిని ఆపుటకు మనుష్యులు ఎన్ని విధములుగా ప్రయత్నించిరో విచారించినప్పుడు, దాని వెనుక మూడువందల యేండ్ల చరిత్ర ఉన్నదని తెలిసినది. ఆ చరిత్రలో నారత్రాడు ఉన్నది, తోలు ఉన్నది, కాగితము, లక్క, రాగిరేకు ఉన్నవి. మన కడప జిల్లా కొండలలోని ఒక రాయికూడ ఉన్నది. ఆ రాయి కథ కొంత దుఃఖకరము. దానిని తగినచోట చెప్పుదుము.

ఇంజను ఒకే ముక్కగా పోతపోసిన వస్తువు కాదు. సిలిండర్ల దిమ్మె ఒకటి, దానిపై మూతవలె హెడ్డు ఒకటి, అడుగున చమురు నిలుచు తొట్టి ఒకటి, ముందు గొలుసును కప్పు మూత ఒకటి, ప్రక్కల మరికొన్ని మూతలు. ఈ ముక్కలన్నియు బోల్టులతో బిగింపబడియుండును. ఎంత నునుపుగా చెక్కినను రెండు లోహపు ముఖములు పరస్పరము పూర్తిగా అంటుకొనవు. కంటికి కనబడని ఎత్తుపల్లములు వానిమధ్య మిగిలియే ఉండును. ఆ సందులలో మెత్తని పదార్థమును పెట్టి బిగించినచో అది నలిగి పల్లములలోనికి దిగి దారి మూయును. ఆ పదార్థమునే ఇంగ్లీషు గ్రంథములు గాస్కెట్ అనును. మన మెకానిక్కులు ఆ పేరు అంతగా వాడరు. వారి నోట అది 'ప్యాకింగు'. హెడ్డు ప్యాకింగు, చాంబరు ప్యాకింగు, టాపెట్ కవరు ప్యాకింగు అని వాడుక. మేమును ఈ వ్యాసములో ఆ మాటనే వాడెదము.

యంత్రములు రాకపూర్వమే ఈ సమస్య మన పల్లెలకు తెలియును. ఎడ్లబండి ఇరుసునకు కందెన వేయనివాడు లేడు. ఆముదములో కాల్చిన గడ్డి మసిని కలిపి చేసిన ఆ నల్లని ముద్ద ఇరుసునకు చక్రమునకు నడుమ రాపిడిని తగ్గించును. ముద్దగా ఉండుటచేత త్వరగా జారిపోదు. పలుచని నూనె వాడిన ఒక ఆమడలోపలనే దారిపాలగును. కనుక కందెనయందు రెండు గుణములు కలిసి ఉన్నవి: నునుపు ఇచ్చుట, నిలిచియుండుట. గోదావరి నోటనున్న కోరంగి, తాళ్ళరేవులలో ఓడలు కట్టినవారు పలకల సందులలో దూదిని, నారను కూరి, గుగ్గిలము, నూనె పూసి నీటిని ఆపిరి. మోటబావిపై తోలుతో నీరు తోడిన రైతునకు కుట్టుసందు ఎంత ముఖ్యమో ఎవరును చెప్పనక్కరలేదు. ద్రవమును ఒకచోట నిలుపవలెనన్న అతుకు బాగుండవలెనను సంగతిని వీరందరును ఎరుగుదురు.

ఈ సంగతి యంత్రశాస్త్రములో ప్రవేశించినది ఆవిరియంత్రముతో. 1712లో ఇంగ్లండులో థామస్ న్యూకొమెన్ గనులనుండి నీరు తోడుటకు యంత్రము నిర్మించినప్పుడు, ఆనాడు చేయగలిగిన సిలిండరు లోపల గరుకుగా, వంకరగా ఉండెడిది. పిస్టనునకు చుట్టును తోలుపట్టీ వేసి, పైన నీరు నిలిపి, గాలి చొరకుండ ఆపిరి. తరువాత జేమ్స్ వాట్ యంత్రములో పైన నీరు నిలుపుటకు వీలులేకపోయెను. ఆయన పిస్టనుచుట్టును జనుపనారత్రాటిని చుట్టి, జంతుకొవ్వు పట్టించి బిగించెను. ఓడలలో తెరచాపలను చుట్టి కట్టు చిన్నత్రాటికి నావికులు వాడిన గాస్కెట్ అను పేరే ఈ నార జడకును వచ్చెను. నేటి ఇంజనులోని రాగిరేకులకు, రబ్బరు వలయములకు పెట్టిన పేరు నిజమునకు ఒక ఓడత్రాటి పేరు. జాన్ విల్కిన్సన్ అను ఇనుపపని నిపుణుడు 1774 ప్రాంతమున ఫిరంగులకై కనిపెట్టిన తొలిచే పద్ధతిని సిలిండర్లకు వర్తింపజేసిన తరువాతనే వాట్ యంత్రము సక్రమముగా పనిచేసినది. ఇందులో ఒక పాఠము కలదు. ముఖము చక్కగా ఉన్నచో ప్యాకింగునకు పని తక్కువ. ముఖము వంకరైనచో ఎంత మంచి ప్యాకింగైనను నిలువదు. కర్మన్‌ఘాట్‌లోని ఒక షెడ్డులో రెండు శతాబ్దముల తరువాత మేము విన్నదియు ఈ మాటయే.

మన ప్రాంతమునకు ఈ విద్య రైలుతో వచ్చినది. వాడి నుండి సికింద్రాబాదునకు 1874లో రైలుమార్గము తెరచిరి. ఆవిరి ఇంజనుల వెంట వాల్వుకడ్డీలకు, పిస్టను కడ్డీలకు చుట్టవలసిన నారజడలును వచ్చినవి. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు 1893 నుండి ఉన్నది. ఆవిరి చిమ్మకుండ జడను ఎంత బిగువుగా చుట్టవలెనో, ఎంత వదులుగా విడువవలెనో అట్టి కార్ఖానాలలో పనివారు చేతితో నేర్చిరి. బిగువు ఎక్కువైన కడ్డీ అరుగును. తక్కువైన ఆవిరి పోవును. ఆ మధ్యస్థము పుస్తకము చూచి నేర్చునది కాదు. తెలిసినవాని ప్రక్కన నిలిచి నేర్చునది.

మోటారుకారు వచ్చినప్పుడు సమస్య మరింత సూక్ష్మమాయెను. ఇక్కడ ఒక విచిత్రము చెప్పవలెను. చౌమహల్లా ప్యాలెస్‌లో నేడు ప్రదర్శనలోనున్న పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారును చాలమంది చూచియుందురు. అది 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ దానిని తెప్పించుటకు ఉత్తరువిచ్చెను. కాని అది చేరకమున్నే, 1911 ఆగస్టు 29న, ఆయన కాలధర్మము చెందెను. లోపల సింహాసనమువంటి ఆసనము గల ఆ కారు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాములో ఉత్సవ సమయములకు మాత్రమే బయటికి వచ్చెడిది. చూచువారు దాని వెండిపనిని, ఆసనమును చూతురు. ఇంజను ఎరిగినవారు మరియొకటి చూతురు: దానికి హెడ్డు ప్యాకింగు లేదు. మూడేసి సిలిండర్లు చొప్పున రెండు దిమ్మెలుగా, తలతోసహ ఒకే పోతగా పోసినారు. విప్పు మూత లేనిచోట అతుకు లేదు. అతుకు లేనిచోట కారుట లేదు. ఆనాటి నిపుణులు హెడ్డు అతుకును నమ్మలేక, అసలు అతుకే లేకుండ చేసిరి.

ఆ జాగ్రత్తకు వెల చెల్లింపవలసి వచ్చెను. వాల్వులు నూరవలెనన్నను, సిలిండరులోని బొగ్గుమసి గీకవలెనన్నను పని కష్టము. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908లో విడుదల చేసిన టి మోడలు కారుకు విడదీయదగిన హెడ్డు అమర్చెను. పల్లెటూరి కమ్మరియైనను బోల్టులు విప్పి, లోపల శుభ్రము చేసి, మరల బిగింపగలిగెను. దీనికి అత్యవసరమైనది మంటకు ఓర్చు ప్యాకింగు. నార కాలిపోవును, తోలు మాడిపోవును, కాగితము మాట చెప్పనక్కరలేదు. రెండు పలుచని రాగిరేకుల నడుమ ఆస్బెస్టాస్ అను రాతినారను పెట్టి ఒత్తిన ప్యాకింగు ఆ కొరత తీర్చినది. రాగి మెత్తనిది, ఒత్తిన సందులో దిగును. రాతినార మంటకు చెడదు. సిల్వర్ ఘోస్ట్ తరువాత 1925లో వచ్చిన రోల్స్ రాయిస్ కారునకు విడదీయదగిన హెడ్డే అమర్చిరి. సంపన్నుల కారును, సామాన్యుల కారును ఒకే త్రోవకు తెచ్చినది ఒక రాగిరేకు.

హైదరాబాదు రాజ్యములో సామాన్యుడు మోటారువాహనమెక్కినది మాత్రము కారులో కాదు, బస్సులో. 1932 జూన్‌లో నిజాము రాష్ట్ర రైల్వేలో భాగముగా రోడ్డు రవాణాశాఖ ప్రారంభమాయెను. మొదట 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. స్కాట్లండులోని ఆల్బియన్ కంపెనీవారి బస్సులు ఆ తొలిదినములవి. వానిలో ఒకదానిని 'డెక్కన్ క్వీన్' అను పేరుతో ఆర్టీసీవారు భద్రపరచినారు. ఆ శాఖ 1951 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వము చేతికి వచ్చెను. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడెను. నేటి రెండు తెలుగు రాష్ట్రముల బస్సులకును మూలము ఆ 27 బస్సులే.

రైల్వేవారి ఆధ్వర్యమున బస్సుశాఖ పుట్టుట మన కథకు ముఖ్యము. ఆవిరి ఇంజనునకు జడ చుట్టిన విద్యయు, పెట్రోలు ఇంజనునకు ప్యాకింగు కొట్టు విద్యయు ఒకే కొలువు క్రిందికి వచ్చినవి. సీమనుండి విడిభాగము వచ్చుటకు నెలలు పట్టెడి కాలమది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఓడలు రాకపోకలు తగ్గినప్పుడు సంగతి చెప్పనక్కరలేదు. ఇక్కడనే హైదరాబాదులో 1942లో ఆల్విన్ కార్ఖానా, 1943లో సికింద్రాబాదున ప్రాగా టూల్స్ వెలసినవి ఆ యుద్ధకాలముననే. అచ్చు ప్యాకింగు దొరకనప్పుడు మెకానిక్కు మందపాటి కాగితమును లోహపు ముఖముపై పరచి, గుండ్రని తల గల చిన్నసుత్తితో అంచులవెంట మెల్లగా తట్టును. లోహపు అంచే కత్తియై కాగితమును తెగగొట్టును. బోల్టు రంధ్రములును అట్లే పడును. 'ప్యాకింగు కొట్టుట' అను మాట ఇట్లు పుట్టినదే. ఎదుటనున్న మూతయే అచ్చు, చేతిలోని సుత్తియే యంత్రము.

ఇక కర్మన్‌ఘాట్ మాట. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, చంపాపేటల నడుమనున్న ఈ చోటు ధ్యానాంజనేయస్వామి ఆలయమువలన ప్రసిద్ధము. కాకతీయ ప్రోలరాజు కాలమున ఆలయము వెలసెనని స్థలపురాణము. ఔరంగజేబు సేనలు ఆలయమును కూల్పవచ్చినప్పుడు "మనస్సును దిటవు చేసికొనుము" అను అర్థము వచ్చు హిందీ మాటలు లోపలినుండి వినవచ్చెననియు, ఆ 'కర్ మన్ ఘట్' అను మాటలే ఊరి పేరైనవనియు గాథ. ఒకప్పుడిది నగరమునకు వెలుపలి పల్లె. నేడు పల్లె ఆనవాళ్ళు వెదకికొనవలెను. కొత్త వాహనము కొన్నవారు చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి స్వామియెదుట పూజ చేయించుట ఇక్కడ నిత్యము కనబడు దృశ్యము. కొత్తబండ్లు గుడివద్దకు, పాతబండ్లు చుట్టుప్రక్కల షెడ్లలోనికి వచ్చును. విజయవాడ రహదారి దగ్గరగా ఉండుటచేతను, వనస్థలిపురము ఆవల ఆటోనగర్ ఉండుటచేతను ఈ తూర్పు ప్రాంతమున మెకానిక్కులకు కొదువ లేదు.

మా దగ్గరి బంధువొకరికి 1960ల నాటి అంబాసిడరు కారు కలదు. తండ్రిగారు కొన్నది, అమ్ముటకు మనస్సొప్పదు. అంబాసిడరు పుట్టుక మన పాఠకులకు తెలియనిది కాదు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనాతో కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్‌వారు 1950ల చివర దీనిని తయారుచేయ మొదలిడిరి. 1959 నుండి 1489 ఘనసెంటీమీటర్ల ఇంజను అమర్చిరి. 2014లో ఉత్పత్తి నిలిచిపోయెను. ఆ బంధువు కారు చమురు కార్చుట మొదలిడగా, నగరములో ఒకచోట చూపించిరి. అక్కడివారు పాత ప్యాకింగులను లాగివేసి, వాని స్థానమున సిలికాను జిగురును రెండు ముఖములకు దట్టముగా పట్టించి బిగించి పంపిరి. కారుట నిలిచెను. నెల తిరుగకమున్నే చమురు ఒత్తిడి దీపము వెలుగసాగెను. భయపడి మేమిరువురము దానిని తాడుకట్టి లాగించుకొని కర్మన్‌ఘాట్‌లోని ఒక పాత మెకానిక్కు షెడ్డునకు చేర్చితిమి.

ఆయనను అందరును ఉస్తాద్ అందురు. ఆయన గురువు బస్సుల వర్క్‌షాపులో పని నేర్చినవాడట. అడుగు చాంబరు విప్పి, చమురు పంపునకున్న జల్లెడను మాయెదుట పెట్టెను. దానినిండ ఎర్రని సిలికాను పీచులు. బిగించినప్పుడు లోపలికి పొంగిన జిగురు ఆరి, తెగి, చమురులో పడి, జల్లెడను మూసివేసినది. "బయటికి ఎంత వచ్చిందో చూస్తరు సార్, లోపలికి ఎంత పోయిందో ఎవ్వరు చూడరు" అని ఆయన అన్న మాట మేము మరువలేదు. మరి పది మైళ్ళు నడిపియున్నచో బేరింగులు చమురులేక కాలి, తండ్రిగారి కారు తుక్కుబేరమునకు పోయెడిది. చుక్క కారుట చిన్న దోషము. దానిని తెలియక ఆపబోవుట ప్రాణాంతకమగుట మా కండ్లార చూచితిమి.

ఆ తరువాత మూడు దినములు మేము ఆ షెడ్డునకు పోయి వచ్చితిమి. ఉస్తాద్ ముందుగా ఇంజనును కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, ముఖమునకు అద్దుకొను పౌడరును అంతట చల్లెను. ఇంజను కొంతసేపు నడిపిన పిమ్మట పౌడరుపై తడిగీత మొదట ఎక్కడ పుట్టునో అదియే దోషస్థానము. చమురు పైనుండి క్రిందికి, గాలికి వెనుకకు పోవును. కనుక చుక్క పడిన చోటు వేరు, అది బయలుదేరిన చోటు వేరు. అడుగు చాంబరు కారుచున్నదని తిట్టువారు చాలమంది పైమూతనుండి దిగిన చమురునే చూచుచున్నారు.

రెండవది, ఊపిరి. పిస్టనుల ప్రక్కనుండి కొంత పొగ అడుగు చాంబరులోనికి దిగును. అది బయటికి పోవుటకు ఒక గొట్టముండును. ఆ గొట్టము మసితో మూసికొనిపోయినచో లోపల ఒత్తిడి పెరిగి, చమురును ప్రతి అతుకునుండియు త్రోయును. అంబాసిడరు ఇంజనులో ఈ విషయము మరీ ముఖ్యము. దాని క్రాంకు కడ్డీ వెనుకవైపున రబ్బరు వలయము లేదు. కడ్డీపై మరచుట్టువంటి గాడి చెక్కియుండును. కడ్డీ తిరుగుచున్నప్పుడు ఆ గాడి చమురును లోపలికి మరలించును. లోపల ఒత్తిడి లేనంతవరకు ఆ ఉపాయము సాగును, ఒత్తిడి పెరిగినచో ఓడిపోవును. "ఇంజనుకు ఊపిరి ఆడాలె. ఊపిరి మూసి ఎన్ని ప్యాకింగులు ఏసినా లాభం లేదు" అనెను ఉస్తాద్. గొట్టమును విప్పి చూపగా గడ్డకట్టిన నల్లని మడ్డి దానినిండ ఉన్నది.

మూడవది, ముఖము. చాంబరు రేకుతో చేసినది. కారుట చూచి ఎవరో ఎప్పుడో బోల్టులను బలముగా బిగించిరి. బోల్టు రంధ్రములచుట్టు రేకు పైకి ఉబ్బినది. ఉబ్బు ఉన్నచోట ప్యాకింగు నలుగును, రెండు బోల్టుల నడుమ వదులుగా ఉండును. కారుట ఎక్కువైన మరల బిగింతురు, ఉబ్బు మరల పెరుగును. ఉస్తాద్ ఆ రేకు అంచును సమమైన ఇనుపదిమ్మెపై బోర్లించి, రంధ్రమువెంట రంధ్రమును మెల్లగా సుత్తితో అణచెను. తరువాత గాజుపలకపై ఉంచి వెలుతురు సందులనుండి వచ్చుచున్నదేమో చూచెను. ఒక పూట అంతయు దీనికే పట్టినది. విల్కిన్సన్ సిలిండరు కథ మాకు అప్పుడు జ్ఞాపకము వచ్చినది.

అటుపిమ్మటనే ప్యాకింగు. పైమూతకు, చాంబరునకు, ప్రక్కనున్న టాపెట్ మూతలకు కార్కు వాడవలెను. కార్కు పోర్చుగల్, స్పెయిన్ దేశముల ఓకు చెట్టు బెరడు. దాని విశేషమేమనగా, ఒత్తినప్పుడు ప్రక్కలకు ఉబ్బక, తనలో తానే అణగును. కాని బహుకాలము ఎండిన కార్కు కుంచించుకొని రంధ్రములు కలియవు. ఉస్తాద్ దానిని గోరువెచ్చని నీటిలో కొంతసేపు నానవేయగా యథాప్రమాణమునకు వచ్చెను. ముందరి మూతకు కాగితము. చమురు పంపు మూతకు మాత్రము కాగితము మందము సరిగా చూచికొనవలెను. మందమెక్కువైన లోపలి ఖాళీ పెరిగి ఒత్తిడి పడిపోవును. కాగితము జారకుండ ఒకవైపు మాత్రము పలుచగా షెల్లాక్ పూసెను. షెల్లాక్ అనగా స్పిరిటులో కరిగించిన మన లక్కయే. లాడ్ బజారులో గాజులకు వాడు లక్కయు, ఇంజను అతుకునకు పూయు లక్కయు ఒకే పురుగు ఇచ్చినది.

చివరిది బిగింపు. పైమూతను రెండు మరలే పట్టియుంచును. చేతి బలము చూపవలసిన చోటు కాదది. చాంబరు బోల్టులను అన్నిటిని ముందు చేతితో తిప్పి, పిదప ఎదురెదురుగా కొద్దికొద్దిగా పానాతో బిగించుచు రెండు మూడు చుట్లు తిరుగవలెను. హెడ్డు బిగించునప్పుడు నడుమనుండి అంచులకు పోవలెను. అంచులు ముందు బిగించిన నడుమ బొద్దు లేచును. రాగి ప్యాకింగు వేసిన పాత ఇంజనులలో ఒకసారి వేడిచేసి నడిపిన తరువాత మరల బిగువు చూడవలెను. ఈ మాటలన్నియు పుస్తకములలోను ఉన్నవి. పుస్తకములో లేనిది ఎంత బిగించిన చాలునో తెలిసిన మణికట్టు. ఉస్తాద్ దగ్గర పని నేర్చుచున్న పదునెనిమిదేండ్ల కుర్రవాడు పానా తిప్పుచుండగా, ఆయన వాని మణికట్టుపై రెండు వ్రేళ్ళు ఆనించి, "బస్" అని ఆపుట మేము చూచితిమి.

ఇప్పుడు మేము మొదట చెప్పిన రాయి కథకు రావలెను. హెడ్డు ప్యాకింగులో మంటకు ఓర్చినది ఆస్బెస్టాస్ అని చెప్పితిమి. ఆ రాతినార కడప జిల్లా పులివెందుల ప్రాంతమున, బ్రాహ్మణపల్లె మొదలగు చోట్ల భూమిలో లభించును. వేంపల్లె డోలమైటు రాతిలోనికి కరిగిన లావా చొచ్చుకొనివచ్చి, రెండు రాళ్ళు కలిసిన అంచున, వేడికిని నీటికిని మారి, పట్టువంటి నారగా ఏర్పడినది. ఆ నార మేలైన జాతి. దానిని చూచి మన ప్రాంతము గర్వించిన దినములును కలవు.

కాని ఆ నార ధూళియై ఊపిరిలోనికి పోయినచో తిరిగి రాదు. ఊపిరితిత్తులలో పాతుకొని, ఇరువది, ముప్పది, నలువది సంవత్సరములకు వ్యాధిగా బయటపడును. ఇంగ్లండులో ఆస్బెస్టాస్ నేత కార్ఖానాలో పనిచేసిన ఒక స్త్రీ మరణమును గూర్చి 1924లో వైద్యపత్రికలో వ్రాసిరి. 1931లో అక్కడ ధూళి నివారణకు నిబంధనలు వచ్చినవి. 1960లో దక్షిణాఫ్రికా గనుల ప్రాంతమునుండి వచ్చిన వైద్యపరిశోధన ఈ నారకును ఊపిరితిత్తుల పొరలో వచ్చు క్యాన్సరునకును గల సంబంధమును చూపినది. మన దేశమున 1986లో కొత్త గనులకు లీజు ఇచ్చుట నిలిపిరి. 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్యహక్కును గూర్చి ముఖ్యమైన తీర్పు చెప్పెను. ఇంగ్లండు 1999లో ఈ నార వాడుకను పూర్తిగా నిషేధించెను. మన దేశమున ఇంటికప్పు రేకులలో దాని వాడుక ఇంకను ఉన్నది.

గనిలో త్రవ్వినవానిని, కార్ఖానాలో నేసినవానిని గూర్చి కొంతైనను వ్రాసినారు. షెడ్డులో పాత ప్యాకింగును గీకిన కుర్రవానిని గూర్చి వ్రాసినది మాకు అంతగా కనబడలేదు. హెడ్డు విప్పినప్పుడు ముఖమునకు అంటుకొన్న పాత ప్యాకింగును పొడిగా గీకి, ఆ పొడిని గాలిగొట్టముతో ఊదుట మన షెడ్లన్నిటను అలవాటు. బ్రేకు డ్రమ్ములోని ధూళినికూడ అట్లే ఊదెదరు. ఉస్తాద్‌ను ఈ సంగతి అడిగితిమి. ఆయన కొంతసేపు మాటాడలేదు. తన గురువు చివరి దినములలో పది అడుగులు వేయలేక ఆయాసపడెననియు, బీడీలవలననే అని అందరును అనుకొనిరనియు చెప్పెను. కారణము బీడీయో, రాతినారయో, రెండునో మేము తేల్చి చెప్పలేము. కాని ఆ దినమున కుర్రవాడు గాలిగొట్టమును చేతబట్టినప్పుడు ఉస్తాదే లేచి దానిని తీసికొని, పాత ప్యాకింగుపై నీరు చల్లి, తడిబట్టతో తుడిచి, ఆ బట్టను సంచిలో మూటకట్టెను. మూతికి మాస్కు కట్టుకొమ్మని వానితో చెప్పెను. పాత ఇంజనులను విప్పు ప్రతిచోటను పాటింపవలసిన పద్ధతి ఇదియే. నేడు తయారగుచున్న ప్యాకింగులలో చాలవరకు రాతినార బదులు ఉక్కురేకులు, ఇతర నారలు వాడుచున్నారు. ప్రమాదము పాత ఇంజనులో మిగిలియున్న పాత ప్యాకింగులోనే.

ఈ విద్య ఇప్పుడెందుకని అడుగవచ్చును. 2021లో కేంద్రప్రభుత్వము యాభై యేండ్లు దాటిన, అసలు రూపము చెడని వాహనములను వింటేజి వాహనములుగా గుర్తించి, 'వీఏ' అను అక్షరములతో ప్రత్యేక రిజిస్ట్రేషను ఇచ్చుటకు నిబంధనలు చేసెను. నిత్యము తిరుగుటకు కాక, ప్రదర్శనలకు, ఊరేగింపులకు మాత్రము వానిని నడుపవచ్చును. తుక్కుగా పోవలసిన పాత బండ్లలో కొన్నిటికి ఇట్లు ఆయువు లభించినది. చట్టము బండికి ఆయువు ఇచ్చినను, దానిని విప్పి బిగించు చేతులకు ఆయువు ఇవ్వలేదు. ఎలక్ట్రిక్ బస్సులు నగరమున తిరుగుచున్న ఈ కాలమున కార్కు నానబెట్టుట, కాగితము కొట్టుట నేర్చుకొను కుర్రవారు ఎందరుందురు? ఆ విద్య తెలిసినవారు పోయిన పిమ్మట సిలికాను గొట్టమొకటే మిగులును. దాని ఫలితమును మేము చూచియే ఉన్నాము.

కారును ఇంటికి తెచ్చికొన్న రాత్రి, దాని క్రింద తెల్లని కాగితము పరచితిమి. తెల్లవారి చూడగా ఒక చుక్క పడియున్నది, ఒకటే. మా బంధువు చిన్నబుచ్చుకొని ఉస్తాద్‌నకు ఫోను చేసెను. వెనుక కడ్డీ గాడినుండి ఒక చుక్క వచ్చుట ఆ ఇంజను జాతిలక్షణమనియు, దానిని ఆపబోవలదనియు, చమురు కొలకడ్డీని వారమునకొకసారి చూచుచుండుమనియు ఆయన చెప్పెను. పాత వస్తువును నిలుపుకొనుట అనగా దానికి తగిన కొలత తెలిసికొనుట. ఆ కాగితమును పారవేయక దాచియుంచితిమి. దానిపై తేది వ్రాసి, ప్రతి నెలయు మరియొక కాగితము పరచి పోల్చి చూచుచున్నాము. చుక్క ఇంతవరకు పెరుగలేదు.